ఇప్పుడు మనమున్న పుట యేది?

బంగారపేట నుండి మారికుప్పమునకు పోవు రైలులో కోరమాండల్, బి.ఇ.ఎం.ఎల్. నగర్, ఊర్గాం, ఛాంపియన్ అను స్టేషనులు వరుసగా వచ్చునని మన పిల్లలకు గూడ తెలియును. ప్రతిదినము ప్రయాణము చేయువాడు కిటికీ వైపు చూడకయే తన చోట దిగిపోవును. కొత్తవాడు మాత్రము రైలు నిలిచినప్పుడెల్ల “అయ్యా, ఇది యే స్టేషను?” అని ప్రక్కవానిని అడుగును. ప్రక్కవాడు తప్పు చెప్పినచో ఊర్గాములో దిగవలసినవాడు మారికుప్పమున దిగి, ఎండలో వెనుకకు నడచి రావలసి వచ్చును.

పాఠశాలల వెబ్‌సైటులను నడపు కోడు ఈ కొత్తవాని వంటిది. పుటను తెఱచిన ప్రతిసారియు “ఇప్పుడు నేను చూపుచున్న పుట యేది?” అని అది తన్ను తాను ప్రశ్నించుకొనవలయును. ఉత్తరము సరిగా దొరకినచో చదువరి తన చోట దిగును. తప్పినచో ఎక్కడికో పోవును. ఇది కంప్యూటరు వారికి మాత్రమే చెందిన చిన్న విషయమని తల్లిదండ్రులు తలంపరాదు. తెలుగు చదువు పిల్లలుగల మనకు దీనితో దగ్గఱి సంబంధము కలదని ఈ పాఠము చివఱకు తేటపడును.

ఒక మూస, నూఱు పుటలు

తొలి దినములలో వెబ్‌సైటులోని ప్రతి పుటను విడివిడిగా వ్రాసి సర్వరులో దాచెడివారు. అప్పుడు ఏ పుట ఏదో తెలిసికొనుట యను సమస్యయే లేదు. కాని మెనూలో ఒక్క పేరు మార్చవలెనన్న నూఱు పుటలను దిద్దవలసి వచ్చెడిది. ఆ శ్రమను తగ్గించుటకు విషయ నిర్వహణ వ్యవస్థలు పుట్టినవి. 2001లో ద్రూపల్, 2003లో వర్డ్‌ప్రెస్, 2005లో జూమ్లా వెలువడినవి. వర్డ్‌ప్రెస్‌ను ఆరంభించినవారు మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిరువురు. ఉచితముగా లభించుటచేత చిన్న పాఠశాలలకును సంఘములకును అది మిక్కిలి అనుకూలమైనది.

ఈ వ్యవస్థలలో విషయమంతయు డేటాబేసులో నుండును. రూపము మూసలో నుండును. మాలూరులో ఒకే మూసతో పెంకులన్నియు చేసినట్లు, ప్రధానోపాధ్యాయుని సందేశము, పరీక్షల పట్టిక, ప్రవేశ ప్రకటన మొదలగునవన్నియు ఒకే మూస నుండి వెలువడును. పెంకులన్నియు ఒకే తీరున నుండవచ్చును గాని పుటలట్లుండరాదు. ప్రవేశ ప్రకటన పుటలో మాత్రమే దరఖాస్తు పత్రము కనబడవలయును. మెనూలో మనమున్న పుట పేరు మాత్రమే వేఱు రంగున నుండవలయును. తెలుగు అను మీటను నొక్కినచో ఆ పుట యొక్క తెలుగు రూపమే రావలయును. ఇవన్నియు జరుగవలెనన్న, మూస తాను ఆ క్షణమున ఏ పుటకు రూపమిచ్చుచున్నదో తెలిసికొని తీరవలయును.

పేరు, చిరునామా, సంఖ్య

ఒక పుటను మూడు విధములుగా గుర్తింపవచ్చును.

మొదటిది పేరు. ఇది నమ్మదగినది కాదు. ఒక తరగతిలో ఇద్దఱు లక్ష్ములున్నచో, లక్ష్మీ యని పిలిచిన ఇద్దఱును లేచి నిలుతురు. అట్లే “ప్రకటన” అను పేరుగల పుటలు ఎన్నియైన నుండవచ్చును. పైగా కార్యదర్శిగారు ఏ సాయంకాలముననో “ప్రకటన” అను పేరును “ముఖ్య ప్రకటన” యని మార్చినచో, పేరును నమ్ముకొన్న కోడు ఆ రాత్రియే దారి తప్పును.

రెండవది చిరునామా, అనగా బ్రౌజరు పై భాగమున కనబడు యు.ఆర్.ఎల్. దాని చివఱ నుండు పుట పేరును స్లగ్ అందురు. ఆంగ్లములో ఇది కొంత నమ్మకముగ నుండును. తెలుగులో నొక చిక్కు కలదు. స్లగ్‌నకు వర్డ్‌ప్రెస్ 200 స్థానములు మాత్రమే ఇచ్చును. ఆంగ్లాక్షరమొకటి ఒక స్థానముతో సరిపెట్టుకొనును. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటియు మూడేసి బైట్లు. చిరునామాలో ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతోడను రెండు అక్షరములతోడను వ్రాయుదురు గనుక ప్రతి గుర్తునకు 9 స్థానములు పట్టును. అనగా 200 స్థానములలో 22 తెలుగు గుర్తులకు మించి యిమిడియుండవు.

ఉదాహరణము చూడుడు. “పాఠశాల వార్షికోత్సవ కార్యక్రమము” అని యొక పుట, “పాఠశాల వార్షికోత్సవ కార్యదర్శి నివేదిక” అని మఱియొక పుట వ్రాసితిమనుకొందము. “పాఠశాల” యన్న మాటలో 6 గుర్తులు, “వార్షికోత్సవ” యన్న దానిలో 12; ఇక మిగిలినవి 4. ఆ నాలుగింటిలో క, దీర్ఘము, ర, పొల్లు మాత్రమే పట్టును. మాటల నడుమనుండు రెండు చిన్న గీతలతో కలిపి సరిగా 200 స్థానములు నిండును. కావున రెండు పుటల చిరునామాలును “కార్” అను చోటనే తెగిపోవును! ఒకే చిరునామా రెండు పుటలకు ఉండరాదు గనుక వర్డ్‌ప్రెస్ రెండవదాని తోకను మఱికొంత కత్తిరించి చివఱ 2 అను అంకెను చేర్చును. కార్యక్రమమేదో, కార్యదర్శి నివేదిక యేదో చిరునామాను చూచి చెప్పుట ఇక నెవరి తరము? తెలుగు పుటలకు చిన్న స్లగ్‌ను మనమే ఏరి వ్రాయుట మేలను హితవునకు కారణమిదియే.

మూడవది సంఖ్య. పుట పుట్టినప్పుడే దానికి వ్యవస్థ యొక గుర్తింపు సంఖ్య నిచ్చును, దీనినే ఐ.డి. యందురు. ఇది పాఠశాల ప్రవేశ పుస్తకములోని సంఖ్య వంటిది. పిల్లవాడు తరగతి మాఱినను, ఇల్లు మాఱినను, ఆ సంఖ్య మాఱదు. మన బంగారపేటయే దీనికి సాక్ష్యము. ఆంగ్లేయుల కాలమున ఆ యూరిని బౌరింగ్‌పేట యనెడివారు. 1862 నుండి 1870 వఱకు మైసూరు కమిషనరుగా నుండిన బౌరింగు దొర పేరది. ఊరి పేరు మాఱినది. రైల్వేవారి సంకేతము మాత్రము నేటికిని బి.డబ్ల్యు.టి. గానే యున్నది. బోర్డుపై పేరేదైనను, టికెట్టు లెక్కలు ఆ సంకేతమును బట్టియే నడచును.

అయితే సంఖ్యకును ఒక హద్దు కలదు. పుటను తొలగించి మరల వ్రాసినచో దానికి కొత్త సంఖ్య వచ్చును. సైటును ఒక సర్వరు నుండి మఱియొక సర్వరునకు మార్చునప్పుడు కూడ, పుటలను దిగుమతి చేసిన తీరునుబట్టి సంఖ్యలు మాఱవచ్చును. కావున సంఖ్యలను కోడులో పదిచోట్ల చల్లక, ఒకే చోట వ్రాసియుంచుట బుద్ధిమంతుల పద్ధతి.

అడుగవలసిన తీరు

కోడులో వాడు మాటలు ఆంగ్లాక్షరములతో నుండును. ఇచ్చట వాని ఉచ్చారణను మాత్రము తెలుగున వ్రాయుచున్నాము. వర్డ్‌ప్రెస్‌లో “ఈజ్ పేజ్” అను ప్రశ్నకు సంఖ్యను జోడించి “ఇది 12వ సంఖ్యగల పుటయేనా?” అని యడుగవచ్చును. ఔను, కాదు అని ఉత్తరము వచ్చును. సంఖ్యయే కావలసినచో “గెట్ క్వెరీడ్ ఆబ్జెక్ట్ ఐ.డి.” అను దానిని అడుగవలయును, చదువరి కోరిన పుట సంఖ్యను అది తెచ్చియిచ్చును. ఈ రెండింటిని వాడువారు తఱచుగా చేయు పొరపాటులు మూడు.

మొదటి పొరపాటు, వేళగానివేళ అడుగుట. చదువరి ఏమి కోరెనో వ్యవస్థ ఇంకను విచారింపకముందే “ఇది 12వ పుటయేనా?” అని యడిగినచో, ఏ పుటయైనను “కాదు” అనియే ఉత్తరము వచ్చును. బడి గంట కొట్టకముందే హాజరు పిలిచి, పిల్లలందఱును రాలేదని వ్రాసికొన్నట్లే యగును. విచారణ ముగిసిన పిమ్మట నడుగుటయే దీనికి మందు.

రెండవ పొరపాటు, ఇతరుల పుస్తకమును చూచుట. పుట ప్రక్కన “ఇటీవలి వార్తలు” అని నాలుగైదు శీర్షికలను చూపుటకు కోడు వేఱొక జాబితాను తెఱచును. ఆ పని ముగియగానే దానిని మూసి మొదటి పుటకు తిరిగి రావలయును. అట్లు మూయు ఆజ్ఞ పేరు “డబ్ల్యు.పి. రీసెట్ పోస్ట్‌డేటా”. దానిని మఱచినచో, ఆ తరువాత “ఇప్పుడున్న పుట యేది?” అన్నప్పుడు జాబితాలోని చివఱి వార్తయే ఉత్తరముగా రావచ్చును. నాల్గవ తరగతి హాజరు పుస్తకము నెరవు తెచ్చుకొన్న ఉపాధ్యాయుడు, దానిని తిరిగి యీయక, అందులోని పేర్లతో అయిదవ తరగతిని పిలిచినట్లుండును ఈ తప్పు.

మూడవ పొరపాటు, రెండు మాటలను ఒకటిగా తలంచుట. “ఈజ్ ఫ్రంట్ పేజ్” అనగా సైటు యొక్క ముఖద్వారము. “ఈజ్ హోమ్” అనగా కొత్త వార్తలు వరుసగా కనబడు పుట. ముఖద్వారముగా వేఱొక స్థిరమైన పుటను నియమించిన సైటులలో ఈ రెండును వేఱు వేఱు. హోమ్ అను మాటను చూచి అదియే ముఖద్వారమని భ్రమించి, స్వాగత చిత్రమును వార్తల పుటలో నిలిపినవారు పెక్కుమంది.

తెలుగు మీట కథ

ఇక మన విషయమునకు వత్తము. నేనెఱిగిన యొక పాఠశాల సైటులో ఆంగ్ల, కన్నడ, తెలుగు పుటలుండెడివి. ఆంగ్లములోని ప్రవేశ ప్రకటన తెఱచి తెలుగు అను మీట నొక్కినచో, ప్రవేశ ప్రకటనకు బదులుగా తెలుగు ముఖద్వారము వచ్చి నిలిచెడిది. తెలుగులో ప్రకటన లేకపోలేదు. వ్రాసినవారు శ్రమపడి వ్రాసిరి. కాని ఆ మీటతో దానిని చేరుటకు దారి లేదు. మెనూలో వెదకి దానిని చేరిన యొకరిద్దఱికి గూడ దరఖాస్తు పత్రము కనబడలేదు.

కొంతకాలమునకు కమిటీ సమావేశములో లెక్కలు చూచిరి. తెలుగు పుటలను తెఱచినవారు బహు తక్కువ. “మనవారికి తెలుగుపై ఆసక్తి లేదు, అనవసరముగా మూడు భాషలెందుకు? తెలుగు పుటలను తీసివేయుదము” అని యొక ప్రతిపాదన వచ్చెను. అందఱును విచారముతోనే తలలూపిరి. అప్పుడొక తల్లి, “నేను మూడుసార్లు తెలుగు నొక్కితిని, మూడుసార్లును నన్ను వీధి వాకిలికి తెచ్చి నిలిపినది. నాల్గవసారి నొక్కలేదు” అని చెప్పెను. ఆ మాటతో కోడును తెఱచి చూచిరి.

దోషములు రెండు కనబడినవి. అనేక భాషల సైటులకు వాడు పాలీలాంగ్ వంటి ప్లగిన్‌లలో ఆంగ్ల పుటకొక సంఖ్య, తెలుగు పుటకు వేఱొక సంఖ్య యుండును. అన్నదమ్ములిద్దఱికి ప్రవేశ సంఖ్యలు వేఱైనను ఇంటి పేరొక్కటే యైనట్లు, ఈ రెండు పుటలును ఒకదానికొకటి అనువాదములని సైటు నిర్వాహకుడు జత కలిపి చూపవలయును. ఆ జత కలుపుట ఇచ్చట మఱచిరి. అనువాదము జతపడని పుటలో భాష మీటను నొక్కినచో, వేఱుగా చెప్పని యెడల, పాలీలాంగ్ ఆ భాషలోని ముఖద్వారమునకు పంపును. ఇది మొదటి దోషము.

రెండవది, దరఖాస్తు పత్రమును చూపు కోడు “ఇది 12వ పుటయేనా?” అని మాత్రమే యడుగుచుండెను. 12 ఆంగ్ల ప్రకటన సంఖ్య. తెలుగు ప్రకటన సంఖ్య 47. కావున తెలుగు పుటలో ఉత్తరము ఎల్లప్పుడును “కాదు” అనియే. అడుగవలసిన ప్రశ్న వేఱు: “12వ పుటకు ఇప్పటి భాషలో జతయైన పుట సంఖ్య యెంత? ఇప్పుడు చూపుచున్నది అదియేనా?” పాలీలాంగ్‌లో ఆ జత సంఖ్యను తెచ్చు ఆజ్ఞ పేరు “పి.ఎల్.ఎల్. గెట్ పోస్ట్”. దానికి 12 ఇచ్చిన, తెలుగులో నున్నప్పుడు 47ను తెచ్చియిచ్చును. దానిని చదువరి కోరిన పుట సంఖ్యతో పోల్చిన చాలును. ప్రశ్నను ఇట్లు మార్చి, పుటలను జత కలిపినంతట ఆ రెండు దోషములును తీఱినవి. ప్రతిపాదన వెనుకకు పోయెను.

ఇందు గ్రహింపవలసినదేమనగా, తప్పు కోడులో నుండెను. నింద మాత్రము భాషపై పడెను. యంత్రము “ఇప్పుడున్న పుట యేది?” అను ప్రశ్నకు సరిగా ఉత్తరము చెప్పలేకపోవుటను, “తెలుగు చదువువారు లేరు” అని మనము చదివికొంటిమి. లెక్కలు అబద్ధమాడలేదు, కాని మూసియున్న తలుపు ముందు జనము లేరని చెప్పు లెక్కకు విలువ యేమి? అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించుటకు యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. వసతి యనగా గదియు పుస్తకమును మాత్రమే కాదు. ఈ కాలమున తెలుగు మీటను నొక్కిన తెలుగు పుట వచ్చుట కూడ వసతియే. 2001లో గనులు మూతపడిన పిమ్మట మన కుటుంబములలో ఎందఱో ఉద్యోగమునకై ప్రతిదినము బెంగుళూరునకు పోయివచ్చుచున్నారు. వారు బడికి వచ్చి ప్రకటనల బల్లను చూడజాలరు. రైలులో చేతి ఫోనులోనే చూతురు. ఆ ఫోనులోని పుటయే వారికి బడి వాకిలి.

పుటయు భాషయు

పుటను గుర్తించుటతో పాటు, ఆ పుట ఏ భాషలోనిదో కూడ కోడు చెప్పవలయును. పుట ఆరంభమున “లాంగ్” అను గుర్తు నుంచి, తెలుగునకు టి.ఇ. అనియు, కన్నడమునకు కె.ఎన్. అనియు వ్రాయుదురు. మన కోలారు జిల్లావారు కన్నడ లిపిని చూచినను తెలుగు లిపిని చూచినను కూడబలుకుకొని చదువగలరు. కన్నులకు అవి అక్కచెల్లెండ్రు. యంత్రమునకు అట్లు కాదు. యూనికోడులో తెలుగు “క” సంఖ్య 3093. కన్నడ “క” సంఖ్య 3221. సరిగా 128 సంఖ్యల దూరము. చూపులేనివారికి పుటను చదివి వినిపించు పరికరము, తెలుగు పుటపై ఆంగ్లపు గుర్తున్నచో తెలుగును ఆంగ్లపు గొంతుతో పలుకబోయి తడబడును. అట్లే మెనూలో “ఏరియా కరెంట్” అను గుర్తునకు “పేజ్” అను విలువ నిచ్చినచో, రంగును చూడలేనివారికి గూడ “ఇదియే ఇప్పటి పుట” యని ఆ పరికరము చెప్పగలదు. 2017లో ప్రపంచ వెబ్ ప్రమాణములలో ఈ గుర్తు చేరినది.

తల్లిదండ్రులు చేయదగిన పరీక్ష

దీనికి కోడు చదువ నక్కఱలేదు. ఇంటిలో ఫోను తెఱచి ఈ క్రింది వానిని చూచిన చాలును.

1. ముఖద్వారమున గాక లోపలి పుటయొకటి తెఱచి తెలుగు మీటను నొక్కుడు. ఆ పుటయే తెలుగులో వచ్చెనా, వాకిలికి తిరిగి వచ్చితిరా?

2. అచ్చట నుండి ఆంగ్లము, కన్నడము నొక్కుడు. మరల అదే విషయమునకు చేరితిరా?

3. మెనూలో వేఱు రంగున నున్న పేరు మీరు చదువుచున్న పుటదేనా?

4. ఆంగ్ల పుటలో నున్న దరఖాస్తు, తేదీలు, ఫోను సంఖ్య తెలుగు పుటలోను ఉన్నవా?

5. తెలుగు పుట యింకను వ్రాయబడనిచో, “ఈ విషయము తెలుగులో ఇంకను సిద్ధము కాలేదు” అని పుట నిజము చెప్పుచున్నదా, చెప్పకయే మిమ్ము త్రిప్పి పంపుచున్నదా?

తప్పు కనబడినచో ఊరకుండక, ఏ పుటలో ఏది నొక్కితిరో, ఏది వచ్చెనో ఒక చీటిపై వ్రాసి పిల్లలచేత బడికి పంపుడు. పై కథలోని తల్లి చెప్పినది రెండు వాక్యములే. కోడు నెఱిగినవారు కొలదిమందియే యుందురు; దారి తప్పిన చోటు నెఱిగినవారు మాత్రము దారి తప్పినవారే. వారు చెప్పిననే దిద్దువారికి తెలియును.

రైలులోని కొత్తవాడు ప్రతి స్టేషనులో నడుగుట సిగ్గుపడవలసిన పని కాదు. అడుగకుండుటయు, తప్పు చెప్పినవానిని నమ్ముటయు నష్టము. మన పాఠశాలల సైటులు కూడ ప్రతి పుటలో ఆ ప్రశ్నను సరియైన వేళ, సరియైన సంఖ్యతో, చదువరి భాషలో నడుగుగాక. అప్పుడు తెలుగు మీటను నొక్కిన ప్రతి తల్లియు తాను చేరవలసిన పుటలోనే దిగును.